మీ నాన్న ఏం చేస్తారు?

కిందటేడు జూన్ 12, బడులు తెరిచిన రోజు. మా అమ్మాయిని ఏడో తరగతికి కొత్త బడిలో వేశాం. సాయంత్రం వస్తూనే బ్యాగు సోఫా మీద పడేసి, "అమ్మా, ఇవాళ పాఠాల్లేవు. ఐస్ బ్రేకర్ ఆడించారు" అంది. నేను రేపటి దోసెలకు మినప్పప్పు కడుగుతున్నాను. "గుంటూరు ఎండల్లో మీకు ఐసెక్కడ దొరికిందే?" అని నవ్వాను.

కొత్తగా కలిసిన పిల్లల మధ్య బెరుకు పోగొట్టడానికి ఆడించే ఆటకు ఆ పేరట. టీచరు ఒక బంతి విసురుతుంది. పట్టుకున్నవాళ్ళు లేచి నిలబడి నాలుగు ముక్కలు చెప్పాలి. పేరు, నాన్న ఏం చేస్తారు, అమ్మ ఏం చేస్తారు, సెలవులకు ఎక్కడికెళ్ళారు. చెప్పాక బంతి ఇంకొకళ్ళకు విసరాలి. ఆట చివర అందరూ కలిసి "మనమంతా ఒక్కటే" అని మూడుసార్లు అరవాలి.

"మరి నువ్వేం చెప్పావు?"

"నాన్న బ్యాంకులో క్లర్కు, అమ్మ ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది, సెలవులకు అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళాను అన్నా."

పప్పు కడిగే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పొద్దున్న ఐదింటికి లేచిన దాన్ని, అప్పటికి నడుం వాల్చలేదు. కానీ పిల్ల మీద ఏం కోప్పడతాం? ప్రశ్న ఎలా అడిగితే జవాబు అలా వస్తుంది. సరేలే అని మర్చిపోయాను. అంత తేలిగ్గా మర్చిపోవడం నా తప్పేనని నాలుగు నెలల తర్వాత తెలిసింది.

దసరా సెలవుల ముందు తల్లిదండ్రుల మీటింగు. బయట వరండాలో కూర్చుంటే ఒకావిడ వచ్చి, "మీరు ఫలానా పాప వాళ్ళ అమ్మగారాండీ?" అని అడిగింది. అవునన్నాను. ఆవిడ కాసేపు కొంగు చివర మడతలు పెట్టుకుంటూ ఊరుకుంది. తర్వాత మెల్లగా, "మా అమ్మాయి బడికి రానంటోందండీ. అందరూ దాన్ని ఊటీ, ఊటీ అని పిలుస్తున్నారంట. మీ పాప కూడా..." అని ఆగిపోయింది.

మొదటి రోజు బంతి వాళ్ళ పిల్ల చేతిలో పడేసరికి, ముందు చెప్పిన ఆరుగురిలో ఇద్దరు దుబాయి వెళ్ళారు, ఒకడు సింగపూరు వెళ్ళాడు. ఇంకొకళ్ళ నాన్న డాక్టరు. ఆ పిల్ల నాన్న ఆటో నడుపుతాడు. సెలవులన్నీ ఇంట్లోనే, తమ్ముణ్ణి చూసుకుంటూ గడిపింది. పదకొండేళ్ళ పిల్ల. 40 జతల కళ్ళు తననే చూస్తుంటే "నాన్న బిజినెస్, సెలవులకు ఊటీ వెళ్ళాం" అనేసింది. ఆగస్టులో ఒకరోజు వాన పడుతుంటే వాళ్ళ నాన్న ఆటో తీసుకుని గేటు దగ్గరికే వచ్చాడు. పిల్లలు చూశారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు ఊటీ.

ఆ పేరుతో పిలిచినవాళ్ళలో నా కూతురూ ఉంది. ఆవిడ ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి అమ్మాయిని చీవాట్లు పెట్టాను. అది ఏడ్చి, "అందరూ అంటున్నారమ్మా, నేనొక్కదాన్నే కాదుగా" అంది. దాని తప్పు దానిదే. నేను దాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే, ఈ కథ మా అమ్మాయి నోట్లో మొదలు కాలేదని అనిపించింది. ఆ పిల్ల అబద్ధమాడిందని అందరూ అంటున్నారు. మరి అబద్ధమాడక తప్పని ప్రశ్న అడిగిందెవరు?

టీచరుగారిని కలిశాను. మంచి మనిషి. ఆవిడ కూడా బాధపడింది. "ట్రైనింగులో చెప్పారండీ, మొదటి రోజు ఆటలాడిస్తే పిల్లలకు మేమంతా ఒక గ్రూపు అనే భావం వస్తుందని" అంది. ఆవిడను తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఆటలాడించకుండా మొదటి రోజే సిలబస్ మొదలుపెట్టేవాళ్ళకన్నా ఆవిడ వెయ్యి రెట్లు నయం. నా కొట్లాట ఆ ప్రశ్నతోనే. పిల్లల్ని కలపడానికి అని చెప్పి, వాళ్ళ ఇళ్ళను తీసుకొచ్చి తరగతి మధ్యలో తూకం వేస్తున్నాం. తూకం వేశాక ఎన్నిసార్లు "మనమంతా ఒక్కటే" అని అరిపిస్తే మాత్రం ఏం లాభం?

ఇదేమీ కొత్తగా వచ్చింది కాదు. నేను తెనాలి దగ్గర పల్లెటూరి హైస్కూల్లో చదువుకున్నాను. 90ల మొదట్లో మాట. ఏడాదికోసారి గుమాస్తాగారు కాగితాలు పట్టుకుని క్లాసులోకి వచ్చి, "స్కాలర్‌షిప్ వాళ్ళు లేచి నిలబడండి" అనేవారు. కొందరు లేచేవారు. నా పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా లేచేది. అప్పటిదాకా మాకు తెలిసిందల్లా తను లెక్కలు బాగా చేస్తుందని, నాకు నెల్లికాయలు తెచ్చిపెడుతుందని. అలా లేచిన మర్నాడు మా క్లాసులోనే ఒకమ్మాయి తన మంచినీళ్ళ సీసా నా స్నేహితురాలికి ఇవ్వడం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ సంగతి ఈనాటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది. గుమాస్తాగారు ఆ పేర్లను ఒక కాగితం మీద రాసుకుని, స్టాఫ్ రూములో సంతకాలు పెట్టించుకుంటే సరిపోయేది. అరగంట పని మిగుల్చుకోవడానికి పిల్లల్ని నిలబెట్టారు.

అందుకే "గ్రూప్ ఐడెంటిటీ" అనే మాట వింటే నాకు భయం. తరగతి గది ఎప్పుడూ అదే నేర్పుతోంది. ఎవరు ఏ గుంపో, ఎవరు ఎవరి పక్కన కూర్చోవచ్చో, పిల్లలు పుస్తకాలకన్నా ముందు నేర్చుకునేది అదే. మనం నేర్పాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు. ఏది నేర్పుతున్నాం అన్నదే ప్రశ్న.

మా అక్క కూతురు బి.ఎడ్. చదువుతోంది. ఈ గొడవంతా చెప్తే, "పిన్నీ, ఇవి చదువు" అని తన పుస్తకాలు ఇచ్చింది. చదివితే ఒళ్ళు జలదరించింది. 1968 ఏప్రిల్ 4న అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. మర్నాడు అయోవా రాష్ట్రంలో రైస్‌విల్ అనే చిన్న ఊళ్ళో జేన్ ఇలియట్ అనే టీచరు తన మూడో తరగతి పిల్లల్ని కళ్ళ రంగును బట్టి రెండు గుంపులు చేసింది. ఒక రంగు కళ్ళవాళ్ళు గొప్పవాళ్ళు, ఇంకో రంగు కళ్ళవాళ్ళు తక్కువవాళ్ళు అని చెప్పింది. తర్వాత తిరగేసింది. వివక్ష ఎలా ఉంటుందో తెల్లపిల్లలకు అనుభవంలోకి తేవాలని ఆవిడ ఉద్దేశం. నిన్నటిదాకా కలిసి ఆడుకున్న ఎనిమిదేళ్ళ పిల్లలు ఆ పూటకే ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకున్నారు. తక్కువ అనిపించుకున్న పిల్లలు చదువులో కూడా తడబడ్డారు. ఒక్క పూట చాలింది!

ఇంకోటి, 1954లో ఒక్లహామా రాష్ట్రంలో ముజఫర్ షెరీఫ్ అనే పరిశోధకుడు చేసింది. 22 మంది మగపిల్లల్ని సెలవుల క్యాంపుకు తీసుకెళ్ళి రెండు జట్లుగా విడదీశాడు. ఒక జట్టు ఈగల్స్, ఇంకొకటి రాటిల్‌స్నేక్ పాము పేరుతో రాట్లర్స్. జెండాలు పెట్టుకున్నారు. రెండు జట్లకూ పోటీలు పెట్టారు. ఇంకేముంది, జెండాలు తగలబెట్టుకున్నారు, ఒకళ్ళ గదుల మీద ఇంకొకళ్ళు దాడి చేసుకున్నారు. అందరూ ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలేనండీ, ఏ తేడా లేదు. తర్వాత ఇద్దరినీ కలపాలని ఒకేచోట భోజనాలు పెట్టారు, సినిమా చూపించారు. భోజనాల దగ్గర అన్నం విసురుకున్నారు తప్ప కలవలేదు. మరి ఎప్పుడు కలిశారు? క్యాంపుకు మంచినీళ్ళు ఆగిపోయినప్పుడు, ట్యాంకు దగ్గర ఏం అడ్డుపడిందో అందరూ కలిసి వెతకాల్సి వచ్చినప్పుడు. ట్రక్కు మొరాయిస్తే తాడు కట్టి అందరూ లాగాల్సి వచ్చినప్పుడు. ఇలాంటి పనులు ఒకటి తర్వాత ఒకటి చేస్తూ పోతే మెల్లగా కలిశారు. ఆ కష్టాలు కూడా పెద్దవాళ్ళు కావాలని కల్పించినవే అనుకోండి.

పిల్లల మీద అలాంటి ప్రయోగాలు చెయ్యొచ్చా అంటే, తల్లిగా నేను ఒప్పుకోను. కానీ జరిగిపోయినదాని నుంచి నేర్చుకోకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఆడవాళ్ళకు ఈ సంగతి చెప్పడానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు కూడా. పెళ్ళిలో మాట్లాడుకోని తోడికోడళ్ళిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఫోటో తీస్తే కలుస్తారా? వంటాయన హఠాత్తుగా రాకపోతే, 200 మందికి పులిహోర కలపాల్సి వస్తే, అప్పుడు "ఆ గరిటె ఇటివ్వక్కా" అంటారు.

అలాంటిది, మన బడులు చేస్తున్నదేమిటి? పిల్లల్ని రెడ్ హౌస్, బ్లూ హౌస్, గ్రీన్ హౌస్, యెల్లో హౌస్ అని నాలుగు ముక్కలు చేస్తారు. ఏడాది పొడుగునా వాళ్ళ మధ్య పోటీలు పెడతారు. "బ్లూ హౌస్ వాళ్ళు వేస్టమ్మా" అని మా అమ్మాయి చెప్తుంటే, ఎందుకే అంటే దానికే తెలియదు. మార్కుల్ని బట్టి సెక్షన్లు, ఆపైన స్పెషల్ బ్యాచ్‌లు. "వాళ్ళు" అనేవాళ్ళను చూపించి "మనం" అనిపించడం చాలా తేలిక. ఖర్చు లేదు, శ్రమ లేదు. ఎవరినీ అవతలకు నెట్టకుండా "మనం" అనిపించడమే కష్టం. బడి అన్నది ఉన్నది ఆ కష్టం పడటానికే కదా.

పైగా ఇప్పుడు ఆ అవసరం పెరిగింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో కూడా ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. అంటే ఆటో నడిపే ఆయన కూతురు, డాక్టరుగారి అబ్బాయి ఒకే బెంచీ మీద కూర్చోవాలని చట్టమే చెప్తోంది. ఎంత మంచి మాట! మరి ఆ బెంచీ మీద కూర్చున్న మొదటి గంటలోనే "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే, చట్టం కలిపిన పిల్లల్ని మనమే విడదీసినట్టు కాదూ?

ఈ మాటలు మా అపార్ట్‌మెంటులో చెప్తే ఒకావిడ, "నిజం చెప్పుకోవడంలో సిగ్గెందుకండీ? ఆటో నడపడం దొంగతనమా?" అంది. నిజమే, ఏ పనీ తక్కువ కాదు. కానీ ఆ మాట పెద్దవాళ్ళం మనం నమ్మి, పిల్లలకు నమ్మకం కలిగించాక కదా అడగాల్సింది? ఇంట్లో "సరిగ్గా చదవకపోతే ఆటో తోలుకుంటావు" అని తిట్టేది మనమే. బడిలో ఆటో ఆయన కూతురు గర్వంగా చెప్పుకోవాలనేదీ మనమే.

ఇంకొకావిడ, "లేచి మాట్లాడితే ధైర్యం వస్తుంది" అంది. వస్తుంది, ఎవరికి? దుబాయి వెళ్ళినవాడికి ముందే ఉంది, ఇంకాస్త పెరుగుతుంది. నాన్న పోయిన పిల్లవాడి సంగతో? అమ్మానాన్న విడిపోయిన పిల్ల సంగతో? తెలియని 40 మంది ముందు "మా నాన్న లేరు" అని చెప్పాక ఆ పిల్లవాడికి వచ్చేది ధైర్యం కాదు. క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతే, ఆ నిశ్శబ్దం బరువంతా వాడి మీదే పడుతుంది.

మరి ఏం ఆడించాలి అంటారా? మన దగ్గర లేని ఆటలా! వీరీ వీరీ గుమ్మడిపండు గుర్తుందా మీకు? ఒకళ్ళ కళ్ళు మూస్తారు. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడతారు. కళ్ళు మూసుకున్నవాళ్ళు వాళ్ళ పేరు చెప్పాలి. చిన్నప్పుడు సాయంత్రాలు ఎన్నిసార్లు ఆడామో. ఇన్నాళ్ళకు ఇప్పుడు తట్టింది దాని గొప్పతనం. అందులో ఎదురుగా వచ్చిన పిల్ల తన గురించి ఏమీ చెప్పుకోనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. అడుగుల చప్పుడును బట్టి, గాజుల గలగలను బట్టి, ఆపుకోలేని నవ్వును బట్టి, అవతలివాళ్ళే ఆ పిల్లను గుర్తుపట్టాలి. బంతి ఆటలో భారమంతా కొత్తపిల్ల మీద ఉంది: నిన్ను నువ్వు చెప్పుకో, మేం తూకం వేస్తాం అని. మన ఆటలో భారం గుంపు మీద ఉంది: నీ తోటిదాన్ని నువ్వు తెలుసుకో అని. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. పరిచయం అనేది కొత్తగా వచ్చిన పిల్ల అప్పజెప్పాల్సిన పాఠం కాదు. మిగతావాళ్ళు నేర్చుకోవాల్సిన పాఠం.

గిజుభాయి బధేకా అని గుజరాత్‌లో గొప్ప ఉపాధ్యాయుడు ఉండేవారు. దాదాపు 90 ఏళ్ళ కిందట ఆయన రాసిన 'దివాస్వప్న'లో టీచరు మొదటి రోజు పిల్లలతో ఏదో నిశ్శబ్దపు ఆట ఆడించబోయి అభాసుపాలవుతాడు. మర్నాడు కథ మొదలుపెడతాడు. అంతే, పిల్లలు దగ్గరికి జరిగి కూర్చుంటారు. కథకు నాన్న ఉద్యోగంతో పని లేదు. వినేవాళ్ళందరికీ రాజుగారి బెంగ ఒకటే.

1971లో అమెరికాలోని ఆస్టిన్ ఊళ్ళో నల్లపిల్లలు, తెల్లపిల్లలు, మెక్సికో మూలాలున్న పిల్లలు ఒకే బడిలో చేరి కొట్టుకుంటుంటే, ఇలియట్ ఆరన్సన్ అనే ప్రొఫెసరు ఒక ఉపాయం చెప్పాడు. పాఠాన్ని ముక్కలు చేసి, చిన్న జట్టులో ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క ఇచ్చాడు. తన ముక్క తనొక్కదానికే తెలుసు. అది మిగతావాళ్ళకు నేర్పితేనే అందరికీ పాఠం పూర్తవుతుంది. వెక్కిరించిన పిల్ల చెప్పేదే చెవులు రిక్కించి వినాల్సి వచ్చింది. దీనికి డబ్బు అక్కర్లేదు, పుస్తకంలో పాఠం ఉంటే చాలు.

ఇవన్నీ మా టీచరుగారితో చెప్పాను, ఇంటావిడ పాఠాలు చెప్పడానికి వచ్చిందని ఆవిడ అనుకోలేదు. పాపం, రాసుకుంది. "మీ ఇంట్లో ఏముంది?" అనే ప్రశ్న వద్దు. "మిమ్మల్ని పొద్దున్నే లేపే చప్పుడు ఏది?" అని అడగండి. కుక్కర్ విజిలో, కాకో, తాతగారి దగ్గో, అందరి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. నలుగురు నలుగురిని కూర్చోబెట్టి, నలుగురికీ ఉన్న ఒకే ఇష్టాన్ని వెతకమనండి. ఏడో తరగతి పిల్లలు కలిసి బడి పటం గీసి ఒకటో తరగతి వాళ్ళకు ఇవ్వనీ. మాట్లాడను అన్న పిల్లను ఊరుకోనివ్వండి. ముందు మీ గురించి మీరు చెప్పండి. మొదటి రోజుతో ఆపకండి, ఒక్క గంటలో స్నేహాలు తయారు కావు.

నవంబరులో ఆవిడ సోషల్ పాఠం ఒకటి ముక్కలు చేసి జట్లకు ఇచ్చింది. మా అమ్మాయి, ఆ పిల్ల ఒకే జట్టు. కృష్ణా డెల్టా కాలువల ముక్క ఆ పిల్లకు వచ్చింది. వాళ్ళ తాత కాలువ కింద కౌలుకు చేసేవాడట. నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు ఆపుతారో, వంతులెలా పెట్టుకుంటారో గుక్క తిప్పుకోకుండా చెప్పిందట. ఇంటికొచ్చి మా అమ్మాయి నాకు ఆ పాఠమంతా అప్పజెప్పింది. మధ్యలో ఆ పిల్ల పేరు నాలుగుసార్లు వచ్చింది. ఊటీ అని కాదు, అసలు పేరు.

అంతా సర్దుకుందని చెప్పను. ఆ వంకర పేరు ఇంకా కొందరి నోళ్ళలో ఉంది. పిల్లలు పెట్టిన పేర్లు చాలా కాలం అంటుకునే ఉంటాయి. మా అమ్మాయి ఆ పిల్లకు సారీ చెప్పింది. ఆ పిల్ల ఊఁ అంది తప్ప నవ్వలేదట. నవ్వాలని ఎందుకనుకోవాలి?

మళ్ళీ జూన్ వస్తోంది. మీ పిల్లల బడిలో కూడా ఏదో ఒక బంతి ఎగురుతుంది. ముందే వెళ్ళి టీచరుగారిని ఒక్కమాట అడగండి, ఆ నాలుగు ముక్కల్లో నాన్న ఉద్యోగం ఉందా అని. ఉంటే మర్యాదగా తీసెయ్యమనండి. సాయంత్రం పిల్లలు రాగానే "నువ్వేం చెప్పావు?" అని నాలా అడగకండి. "నీ పక్కన కూర్చున్న పిల్ల గురించి ఏం తెలుసుకున్నావు?" అని అడగండి. నాన్న ఉద్యోగం చెప్తే, "అది కాదు, ఆ పిల్ల గురించి" అనండి.

ఇక "అమ్మ ఏమీ చెయ్యదు" అన్న సంగతి. దాని గురించి ఇంకోరోజు రాస్తాను. చాలా ఉంది చెప్పడానికి.